ఊపిరితిత్తుల మార్పిడి ఆలోచనలో ఉన్న ఇంటికి అండగా నిలబడటం ఎలా: విశాఖలోని బంధుమిత్రులకు మార్గదర్శి

సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్) అంటే ఊపిరితిత్తుల్లో కఫం చిక్కబడి పేరుకునే, జన్యువుల ద్వారా వచ్చే జబ్బు. అది ఉన్నవాళ్ళ ఇల్లు నెబ్యులైజర్ (మందును పొగమంచులా మార్చి పీల్పించే యంత్రం) చప్పుడుతో తెల్లారుతుంది. కఫం వదిలించే చికిత్సలు, మందులు, పరికరాలు కడగడం అన్నీ కలిపితే రోజుకు 2 నుంచి 3 గంటలు పోతాయి. చాలా ఇళ్ళలో ఈ పనంతా ఒక్క మనిషి చేతిమీదే నడుస్తుంది. ఎక్కువగా తల్లి, పెళ్ళయినవాళ్ళయితే భార్యో భర్తో. డాక్టరు గారు "ట్రాన్స్‌ప్లాంట్ (ఊపిరితిత్తుల మార్పిడి) సంగతి ఆలోచించండి" అన్న రోజు నుంచి ఆ పని అలాగే ఉండగా దాని మీద ప్రయాణాలు, ఫైళ్ళు, డబ్బు, భయం వచ్చి పడతాయి.

ఈ మార్గదర్శి రోగిని చూసుకునే ఆ మనిషి (ఇక్కడి నుంచి "ఆమె" అంటాం) చుట్టూ ఉన్న మీ కోసం: పిన్ని, బావ, ఆడపడుచు, పక్క ఫ్లాటువాళ్ళు, ఆఫీసులో తోటివాళ్ళు. మా మాట ఒక్కటే. అవయవం కోసం ఎదురుచూసే ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో రోగి పేరు ఎక్కేలోపు ఆ ఇంట్లో పని తెలిసిన రెండో మనిషి తయారై ఉండాలి. మిగతా సాయమంతా దాని తర్వాతే. ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రాలు రోగి గుండెను, కిడ్నీలను చూసినంత శ్రద్ధగా చూసుకునేవాళ్ళ సంగతీ అడుగుతాయి: ఎవరున్నారు, వాళ్ళకు జ్వరమొస్తే ఎవరొస్తారు? రెండో పేరు లేక ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయే కుటుంబాలున్నాయి.

1. ముందు ఒక రోజు పక్కన కూర్చోండి

"ఏమైనా కావాలంటే చెప్పు వదినా" అనే మాటలో ప్రేమ ఉంది గానీ పని లేదు. ఏం కావాలో ఆలోచించి, ఎవరిని అడగాలో చూసి, మొహమాటపడి అడిగే పని మళ్ళీ ఆమెదే అవుతుంది. దానికి బదులు ఒక సెలవు రోజు పొద్దున్న 6 గంటలకే వెళ్ళి, ఒక నోటు పుస్తకంలో ఏ పని ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిందో రాయండి. సలహాలు ఇవ్వకండి, రాయండి అంతే.

మీకు కనిపించే వరస దాదాపు ఇలా ఉంటుంది. ముందు శ్వాస గొట్టాలు తెరిపించే మందు, తర్వాత కఫాన్ని పలచన చేసే గాఢమైన ఉప్పునీరు, ఆ తర్వాత ఫిజియోథెరపీ, అంటే ఊదే పరికరంతోనో వీపు తట్టడంతోనో కఫం పైకి తేవడం. పీల్చే యాంటీబయాటిక్ ఉంటే అది ఆఖరున. కఫం బయటికి పోకముందే యాంటీబయాటిక్ ఇస్తే మందు కఫం మీదే ఆగిపోతుంది, లోపలికి చేరదు. డోర్నేజ్ ఆల్ఫా (కఫాన్ని పలచన చేసే ఇంకో పీల్చే మందు) వాడుతుంటే అది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. దాన్ని ఎప్పుడు ఇవ్వాలో వాళ్ళ డాక్టరు చెప్పిన వరసే ఖాయం.

తిండి దగ్గరా పని ఉంది. చాలామంది సీఎఫ్ రోగుల్లో తిండి అరిగించే క్లోమం (పాంక్రియాస్) ఎంజైములు పేగుల్లోకి చేరవు. అందుకే కొవ్వు ఉన్న తిండి ఏది తిన్నా మొదటి ముద్దతో ఎంజైమ్ క్యాప్సూల్ వేసుకోవాలి, నమలకూడదు. నెయ్యి వేసిన పెసరట్టు ఉప్మాకు వేసుకుని, 11 గంటల పాల టీకి మర్చిపోవడం అందరూ చేసే పొరపాటు. విరేచనం జిడ్డుగా, నీళ్ళమీద తేలుతూ వస్తుంటే మోతాదు సరిపోవడం లేదని అర్థం. ఆ మాట డాక్టరుకు చేరాలి. విశాఖ ఉక్కపోతలో వీళ్ళ చెమటతో ఉప్పు మామూలు వాళ్ళకంటే ఎక్కువ పోతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఉప్పు వేసిన మజ్జిగ తప్పనిసరి.

2. వ్యాధి ఎక్కడుందో అంకెల్లో తెలుసుకోండి

"బాగానే ఉన్నాడు కదా, ఆపరేషన్ ఎందుకు?" అని మీరు అడిగిన ప్రతిసారీ ఆమె మొదటినుంచి చెప్పుకు రావాలి. ఈ అంకెలు మీకు తెలిసి ఉంటే ఆ శ్రమ తప్పుతుంది.

గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలిని ఎఫ్‌ఈవీ1 అంటారు. ఆ వయసుకు, ఆ ఎత్తుకు ఉండాల్సినదాంతో పోల్చి శాతంలో రాస్తారు. అది 50 శాతం కంటే తగ్గగానే ట్రాన్స్‌ప్లాంట్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాలి. 50 లోపు ఉండి త్వరత్వరగా పడిపోతున్నా, 40 లోపు ఉండి ఇతర ప్రమాద సూచనలు తోడైనా, 30 లోపుకు దిగినా ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రానికి పంపాలి. 6 నిమిషాల్లో 400 మీటర్లు నడవలేకపోవడం, ఆక్సిజన్ అవసరం పడటం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం, బరువు నిలవకపోవడం, రక్తం కక్కడం, ఏడాదిలో పదేపదే ఐవీ (నరం ద్వారా ఎక్కించే) యాంటీబయాటిక్స్ పెట్టాల్సిరావడం ఆ ప్రమాద సూచనలు.

కేంద్రానికి పంపడం వేరు, లిస్టులో పేరు ఎక్కించడం వేరు. తొందరగా వెళితే నష్టం లేదు. "ఇంకా టైముంది, ఆర్నెల్లు ఆగి రండి" అంటారు, అంతే. ఆలస్యంగా వెళితే మాత్రం ఒళ్ళు ఆపరేషన్‌కు తట్టుకోలేని స్థితిలో ఉండొచ్చు. ఇంకో సంగతి: సీఎఫ్‌కు మూలమైన సీఎఫ్‌టీఆర్ జన్యువు లోపాన్ని సరిచేసేలా పనిచేసే కొత్త మందులు వచ్చాక అవి దొరికే దేశాల్లో ట్రాన్స్‌ప్లాంట్లు బాగా తగ్గాయి. రోగి జన్యు మార్పు ఏదో రిపోర్టులో ఉందా, ఆ మందు పనికొస్తుందా అని ట్రాన్స్‌ప్లాంట్ మాటకు ముందే అడగాలి.

సీఎఫ్‌లో రెండు ఊపిరితిత్తులూ మార్చాల్సిందే. ఒకటి వదిలేస్తే అందులోని సూక్ష్మజీవులు కొత్తదాన్ని పాడు చేస్తాయి. "నాది ఒకటి ఇస్తా" అనడం పెద్ద మనసే గానీ ఇక్కడ అది కుదిరే దారి కాదు. బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచే రావాలి. కొత్త ఊపిరితిత్తుల్లో సీఎఫ్ ఉండదు. సైనస్‌లలో, క్లోమంలో, పేగుల్లో ఉంటుంది. కాబట్టి ఎంజైములూ, షుగర్ ఉంటే ఇన్సులినూ ఆపరేషన్ తర్వాత కూడా సాగుతాయి.

ఇంట్లో పెద్దవాళ్ళు "మేనరికం చేశారు కాబట్టే", "తల్లివైపు నుంచి వచ్చింది" అంటుంటే మీరే సర్దిచెప్పండి. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు మారిన జన్యువులు కలవాలి. ఇద్దరిదీ సమాన వాటా, ఎవరి తప్పూ కాదు. ఆ మాట ఆమె చెప్పుకోవాల్సి రావడమే ఒక శిక్ష.

3. రెండో మనిషిని తయారు చేయండి

ముగ్గురు నలుగురు అరకొరగా నేర్చుకోవడం కంటే ఒక్కరు పూర్తిగా నేర్చుకోవడం మేలు. మొదటి రెండుసార్లు చూడండి. తర్వాత నాలుగైదుసార్లు ఆమె పక్కనుండగా మీరు చేయండి. ఆపైన ఆమె పక్క గదిలో ఉండగా చేయండి. చివరిగా ఆమె బయటికి వెళ్ళాలి. ఈ చివరి మెట్టు దగ్గరే అందరూ ఆగిపోతారు. ఆమెకు నమ్మకం కుదరదు, మీకు ధైర్యం చాలదు. మొదటిసారి అపార్ట్‌మెంట్ కిందకు దిగి అరగంట నడిచి వస్తే చాలు. ఆ తర్వాత, "అక్కా, ప్రతి ఆదివారం 4 నుంచి 8 దాకా నేనుంటాను. నువ్వు పడుకో, బీచ్‌కెళ్ళు, గుడికెళ్ళు, నీ ఇష్టం" అని ఏ రోజో, ఏ టైమో ఖాయం చేయండి. ఖాయం చేసింది తప్పకండి. ఒక్కసారి రాకపోతే ఆమె మళ్ళీ నమ్మడానికి నెల పడుతుంది.

ఫ్రిజ్ తలుపు మీద ఒక అట్ట ఉండాలి. స్మార్ట్‌ఫోన్‌లో ఉన్నది చాలదు, ఫోన్ ఆమెతో వెళ్ళిపోతుంది. ఆ అట్ట మీద రాయాల్సినవి: రోగి పేరు, బ్లడ్ గ్రూప్, బరువు. పడని మందులు ఎర్ర ఇంకుతో. మందు, మోతాదు, టైము. మామూలుగా ఉండే ఆక్సిజన్ శాతం, ఎంతకు తగ్గితే ఫోన్ చేయాలి. ఆక్సిజన్ ఎన్ని లీటర్ల మీద ఉంది, "డాక్టరు చెప్పకుండా పెంచవద్దు" అన్న వాక్యం. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే రోగికి ఆయాసంగా ఉందని ఆక్సిజన్ పెంచుకుంటూ పోతే మగత కమ్మి ఊపిరే మందగించవచ్చు. అందుకే ఆ వాక్యం.

దగ్గులో రక్తం పడితే ఏం చేయాలో కూడా అదే అట్ట మీద ఉండాలి. చారలుగా కనిపిస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్. చెంచాడు దాటితే వెంటనే ఫోన్, ఉప్పునీటి నెబ్యులైజేషన్ ఆపాలి. ధారగా, కప్పుల లెక్కన వస్తుంటే 108. ఈలోపు కూర్చోబెట్టాలి. ఏ వైపు నుంచి వస్తోందో ముందే తెలిసి ఉంటే ఆ వైపుకు ఒరిగి పడుకోబెట్టాలి.

నెబ్యులైజర్ కప్పులు కడగడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఇన్‌ఫెక్షన్లు అక్కడే మొదలవుతాయి. ప్రతిసారీ సబ్బు నీళ్ళతో కడిగి, రోజుకోసారి కంపెనీ అనుమతించిన భాగాలను 5 నిమిషాలు మరగబెట్టి, శుభ్రమైన గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఆరకుండా మూత పెడితే మరగబెట్టిన శ్రమంతా వృథా. విశాఖ గాలిలో తేమకు ఆరడం ఆలస్యమవుతుంది కాబట్టి రెండో సెట్టు కొని మార్చి మార్చి వాడండి. ఎవరైనా ఏం కొనిపెట్టమంటారని అడిగితే ఇది చెప్పండి.

4. కరెంటు పోతే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో చాలా పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆక్సిజన్ మీద మనిషి ఉన్న ఇంట్లో ఈ లెక్క ముందే వేసి ఉంచాలి. ఆమెకు తీరిక లేదు, మీరు వేయండి.

5 లీటర్ల కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే యంత్రం) సుమారు 350 వాట్లు తింటుంది. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇంటి ఇన్వర్టర్ మీద అది ఒక్కటే నడిపితే దాదాపు 3 గంటలు. బ్యాటరీ పాతదైతే అంతకూడా రాదు. ఫ్యానూ టీవీ కూడా దానిమీదే ఉంటే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత సిలిండరే దిక్కు. బి టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్లయితే 12 గంటలు. అక్టోబర్, నవంబర్ తుపాను రోజుల్లో రెండు నిండు సిలిండర్లు, రెగ్యులేటర్, తాళంచెవి, అదనపు ముక్కు గొట్టం ఒకేచోట ఉండాలి. అవసరమైన రాత్రి సిలిండర్ ఉండి తాళంచెవి కనిపించకపోవడమే ఎక్కువ జరుగుతుంది. సిలిండర్ మెడకే తాడుతో కట్టేయండి. నెలకోసారి ఎవరో ఒకరు ఆ తాళం తిప్పి, రెగ్యులేటర్ ముల్లు చూసి, నోటు పుస్తకంలో తేదీ వేయాలి. కరెంటు ఫిర్యాదుకు 1912.

దేవుడి దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఆక్సిజన్‌కు కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. హ్యూమిడిఫయర్ (ఆక్సిజన్‌కు తేమ కలిపే) సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు రోజూ మార్చాలి. పోర్టు, పారిశ్రామిక ప్రాంతాల పక్క ఇళ్ళలో కాన్సంట్రేటర్ ఫిల్టర్ త్వరగా నల్లబడుతుంది, వారానికోసారి కడిగి ఆరబెట్టాలి.

5. ఫైలు, ప్రయాణం, డబ్బు

ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఇక్కడివాళ్ళు ఎక్కువగా చూసేది హైదరాబాద్, చెన్నై వైపే. మూల్యాంకనానికి, అంటే రోగి ఆపరేషన్‌కు తగునా అని చూడటానికి, కొన్ని రోజులు అక్కడ ఉండాలి: రక్త పరీక్షలు, సీటీ, గుండె పరీక్షలు, కిడ్నీ, కాలేయం, ఎముకల బలం, పళ్ళు, కఫం కల్చర్లు (అందులో ఏ క్రిములున్నాయో చూసే పరీక్షలు), మానసిక నిపుణులతో మాట. బర్ఖోల్డేరియా సెనోసెపేసియా, మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ లాంటి మొండి క్రిములు కఫంలో ఉంటే కొన్ని కేంద్రాలు వెనకాడతాయి. అందుకే పాత కల్చర్ రిపోర్టులన్నీ తేదీల వరసలో ఫైలులో ముందుండాలి. ఈ ఫైలు సర్దే పని దూరాన ఉన్న బంధువు కూడా చేయగలరు. ఇక్కడి నుంచి ఫొటోలు పంపితే అమెరికాలోని తమ్ముడు వరసలో పెట్టి పీడీఎఫ్ చేయొచ్చు.

సికింద్రాబాద్‌కు వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. కాన్సంట్రేటర్ బ్యాటరీ అంతసేపు ఉంటుందో లేదో ముందు ఇంట్లో పరీక్షించండి. విమానమైతే సొంత సిలిండర్ ఎక్కనివ్వరు. పోర్టబుల్ కాన్సంట్రేటర్‌కు డాక్టరు సంతకంతో మెడికల్ ఫారం ఎయిర్‌లైన్‌కు ముందే పంపి అనుమతి తీసుకోవాలి.

ఖర్చు అడిగేటప్పుడు ఒక్క మొత్తం అంకె తీసుకోకండి. మూల్యాంకనం, ఆపరేషన్, ఐసీయూ రోజుకు ఎంత, ఎక్మో (ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే యంత్రం) పడితే రోజుకు ఎంత, మొదటి ఏడాది మందులు, అక్కడ అద్దె ఇల్లు వేర్వేరుగా రాయించుకోండి. ప్యాకేజీలో లేనివి ఏమిటో కూడా రాయించుకోండి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో సీఎఫ్‌కు డోర్నేజ్ చికిత్స పేరు ఉంది. గుర్తించిన కేంద్రాల ద్వారా రోగికి 50 లక్షల వరకు సాయానికి వీలుంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అలాంటి కేంద్రం. ముఖ్యమంత్రి సహాయ నిధికీ దరఖాస్తు పెట్టండి. ఈ కాగితాల పని పూర్తిగా ఒక్కరే తీసుకోవాలి, ఆమె సంతకం మాత్రమే చేయాలి.

అవయవాల నమోదు ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ వ్యవస్థ పేరు జీవన్‌దాన్. అవయవానికి ధర ఉండదు. 1994 చట్టం ప్రకారం కొనడం, అమ్మడం నేరం. "త్వరగా ఇప్పిస్తా" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ ఫోన్ ఆమెదాకా పోనివ్వకండి.

6. నిర్ణయం దగ్గర

మైనారిటీ తీరిన రోగి విషయంలో నిర్ణయం రోగిదే. వద్దనే హక్కూ వాళ్ళకుంది. ఇల్లంతా ఒకవైపు ఉండి ఆ అబ్బాయి మాట్లాడకుండా కూర్చున్నాడంటే ఒప్పుకున్నట్టు కాదు. అతనితో విడిగా మాట్లాడమని డాక్టరును కోరండి.

నిజం ఇది: ట్రాన్స్‌ప్లాంట్ జబ్బును తీసేయదు, ఒక జబ్బు బదులు ఇంకోరకం జాగ్రత్త ఇస్తుంది. అంతర్జాతీయ లెక్కల్లో మార్పిడి అయినవాళ్ళలో సగం మంది ఆరేళ్ళకు పైగా బతుకుతున్నారు, సీఎఫ్ వాళ్ళలో ఆ కాలం ఇంకా ఎక్కువ. మొదటి ఏడాదే గడ్డుకాలం. ఈ మాట విని తల్లి ఒక రోజు చేయిద్దామని, మరునాడు వద్దని అనొచ్చు. తొందరపెట్టకండి. "ధైర్యంగా ఉండు" అనకండి, ఆమె అలా అనేది ధైర్యం లేక కాదు. "నీకు దేనికి ఎక్కువ భయంగా ఉంది?" అని అడిగి, చెప్పింది రాసిపెట్టి, తర్వాతి అపాయింట్‌మెంట్‌లో ఆమె తరఫున మీరు అడగండి. ఆయాసం, నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం లిస్టులో ఉన్నవాళ్ళకూ అవసరమే. అది ఆశ వదులుకోవడం కాదు.

ఇంకో సీఎఫ్ కుటుంబంతో కలపాలనుకుంటే చూసుకునేవాళ్ళను మాత్రమే కలపండి. రోగులిద్దరూ ఒకే గదిలో ఉండకూడదు. ఒకరి క్రిములు ఇంకొకరికి ప్రాణాంతకం కావచ్చు. రోగులు వీడియో కాల్‌లో మాట్లాడుకోవచ్చు.

7. నిరీక్షణ, పిలుపు

దాత నుంచి తీసిన ఊపిరితిత్తులు గంటల్లోనే అమర్చాలి. అందుకే లిస్టులో ఉన్నవాళ్ళు ఆసుపత్రికి దగ్గరగా ఉండాలని కేంద్రాలు కోరతాయి. అంటే విశాఖలో ఇల్లు, అక్కడ అద్దె ఇల్లు. ఇక్కడ మిగిలిపోయే రెండో బిడ్డ సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. బడి, ట్యూషన్, అన్నం, రాత్రి పక్కన పడుకునే మనిషి ఎవరో పేర్లతో సహా ఇప్పుడే తేల్చండి.

సంచి సిద్ధంగా ఉండాలి: ఫైలు, ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు, చార్జర్, ఆమె బట్టలు, ఆమె మందులు. పిలుపు వచ్చిన క్షణం నుంచి రోగి ఏమీ తినకూడదు, తాగకూడదు. "ప్రయాణం కదా, రెండు ఇడ్లీలు తిను" అనే ప్రేమ దగ్గరే తప్పు జరుగుతుంది. ఆసుపత్రిదాకా వెళ్ళాక దాత ఊపిరితిత్తులు పనికిరావని తేలి వెనక్కి పంపడం మామూలే. ఆ రాత్రి ఆమె ఎవరికీ ఫోన్లు చేయకుండా, ఒక్కరు అందరికీ మెసేజ్ పెట్టే ఏర్పాటు ఉండాలి.

8. ఆపరేషన్ తర్వాత

టాక్రోలిమస్ (కొత్త ఊపిరితిత్తులను ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే మందు) 12 గంటల తేడాతో, రోజూ అదే టైముకు. రక్తంలో దాని స్థాయి చూసే రోజు పొద్దున మాత్ర వేసుకోకుండా ల్యాబుకెళ్ళి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. అలవాటుగా ఇంట్లోనే మింగేస్తే ఆ రిపోర్టు తప్పుడు లెక్క చెబుతుంది. కాబట్టి ఆ రోజు మాత్రను చొక్కా జేబులో పెట్టి పంపండి. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ వద్దు. మందుల షాపులో అడిగి తెచ్చే నొప్పి మాత్ర, యాంటీబయాటిక్, పసరు మందు ఏదైనా కేంద్రాన్ని అడక్కుండా వద్దు. బీచ్ రోడ్డులో మురీ మిక్స్చర్, పానీపూరీ, కోసి పెట్టిన పళ్ళూ వద్దు. 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, ఇంటి స్పైరోమీటర్ (ఊది కొలిచే పరికరం)లో ఎఫ్‌ఈవీ1 10 శాతం పడినా, మనిషి హుషారుగా ఉన్నా సరే, ఆరోజే ఫోన్. చూడ్డానికి వచ్చేవాళ్ళను గుమ్మం దగ్గర ఆపే పని కఠినంగా మాట్లాడగలిగే బంధువు తీసుకోవాలి.

9. ఆమె ఒళ్ళు

ఆమె బీపీ, షుగర్ ఎప్పుడు చూపించుకుందో అడగండి. జవాబు ఏళ్ళలో వస్తుంది. అపాయింట్‌మెంట్ మీరే తీసుకుని ఆ రెండు గంటలు ఇంట్లో ఉండండి. ఫ్లూ టీకా ఇంట్లో అందరూ ఏటా వేయించుకోవాలి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఊరికే ఏడుపు రావడం, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట వింటే వాదించకుండా పక్కనే కూర్చుని 14416కు ఫోన్ కలపండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం ఫోన్ లైను; ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే ఒంటరిగా వదలకుండా నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్ళండి.

కొన్ని ఇళ్ళలో పిలుపు రాకముందే మనిషి పోతారు. అప్పుడు చూసుకున్న ఆమెకు రోజంతా ఖాళీ అయిపోతుంది. 6 గంటలకు మెలకువ వస్తుంది, చేయడానికి పని ఉండదు. మీ ఆదివారం 4 నుంచి 8 అప్పుడు ఆపకండి, కనీసం ఒక ఏడాది. అద్దె కాన్సంట్రేటర్, మిగిలిన సిలిండర్లు తిరిగిచ్చే పని మీరు చూడండి. కానీ ఆమెను అడక్కుండా ఆ గదిలోంచి ఏదీ తీయకండి, ఫ్రిజ్ మీది అట్ట కూడా.